చావు మూట

భార్య కలీపా మళ్ళీ ఊల్కాన్ ఇంటికి వెళ్ళిందని ఇమాష్‌కి ఎవరూ చెప్పలేదు. గొర్రెల్ని వాగు దాటించి ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయి కెటిల్ అడుగు మాడుతోంది. పెట్టె మూత తెరిచే ఉంది. వాకిట్లో బురదలో ఆమె రబ్బరు జోళ్ళ జాడ పక్క ఊరి దారి పట్టింది. ఆయన కెటిల్ దించి పక్కన పెట్టి, వదులు చేసిన జీను మళ్ళీ బిగించి గుర్రమెక్కాడు. తొందరపడలేదు. తొందరగా చేరుకున్నా అక్కడ తాను చేయగలిగింది ఏమీ ఉండదని ఈ వేసవిలో ఆయనకు తెలిసొచ్చింది.

ఇల్లు కనబడకముందే గొంతు వినబడింది. కలీపా గోడకు మొహం చేసి కూర్చుని, రెండు చేతులూ నడుముకు ఆనించుకుని శోకాలు పెడుతోంది.

"నాతో పాలు పితికిన చెయ్యీ, చలికి పగిలిన చెయ్యీ, నా వేళ్ళు నీ వేళ్ళలో పెట్టుకుని ఊదిన దానివి, ఈ చలిలో నన్నొదిలి ఎటు పోయావే..."

పక్కన ఆ ఇంటి కోడలు గుల్‌బార్చిన్ మోచేతుల దాకా పిండితో, తనూ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. ఉత్తుత్తి ఏడుపు కాదు. కలీపా గొంతు అలాంటిది. ఆ గొంతు విని ఏడవకుండా ఉండాలంటే చెవిటివాళ్ళయి ఉండాలి.

ఊల్కాన్ పోయి మూడేళ్ళు దాటింది.

ఏడుస్తూ గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఆ కొండల్లో ఎవరూ వెనక్కి పంపరు. ఇప్పుడెందుకొచ్చావని అడగరు, ఎవరికోసమని అడగరు. పై మేతల్లో మంచుకు చిక్కుకుపోయినవాళ్ళు, మంచం పట్టి లేచినవాళ్ళు ఏడాది తర్వాతైనా వచ్చి ఏడుస్తారు. ఇంటి ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి పక్కన కూర్చుని గొంతు కలపాలి. తెచ్చిన చదివింపు తీసుకోవాలి. చావింటికి తెచ్చిన డబ్బును తిప్పి ఇవ్వడమంటే, తీసుకెళ్ళి నీ ఇంటి చావుకు దాచుకో అన్నట్టే. అందుకని ఎవరూ తిప్పి ఇవ్వరు. కలీపా చేసిన తప్పల్లా ఒక్కటే. వెళ్ళి వచ్చిన సంగతి మరిచిపోవడం. ఊల్కాన్ పోయిందన్నది గుర్తుంటుంది, తాను ఏడ్చానన్నది గుర్తుండదు. ఆప్తురాలు పోతే ఇంకా మొహం చూపించలేదే అని రోజూ కుములుతుంది. ఆ సిగ్గు మోయలేనంత బరువైన రోజున పెట్టె తెరిచి మూట విప్పుతుంది.

ఇమాష్ గుర్రం దిగకుండా ప్రహరీ బయటే ఆగాడు. మగవాళ్ళు గుమ్మం బయట కర్ర మీద వంగి గట్టిగా ఏడుస్తూ రావడం అక్కడి పద్ధతే గానీ, అది తన మనిషి పోయినప్పుడు. ఊల్కాన్ ఆయనకు ఏమీ కాదు. కలీపాతో కలిసి సర్కారు పాడి ఫారంలో పాలు పితికింది, అంతే.

ఊల్కాన్ కొడుకు మెలిస్ కొట్టం దగ్గర రేకులు దిగ్గొడుతూ ఇటు చూసి, సుత్తి కింద పెట్టి వచ్చాడు. కొత్త రేకులు. అవి ఎక్కడి డబ్బుతో వచ్చాయో ఇద్దరికీ తెలుసు.

"నేనేం చెయ్యను చెప్పండి," అన్నాడు మెలిస్, ఇమాష్ ఏమీ అడగకుండానే. "పెద్దావిడ, అపా, తన చేత్తో ఇచ్చింది. వద్దంటే మీ మీదకి కీడు తెచ్చినట్టవుతుంది. నా నోటితో ఎలా అనను?"

"అనకు," అన్నాడు ఇమాష్.

కలీపా కళ్ళు తుడుచుకుంటూ బయటకు వచ్చింది. చేతిలో మూరెడు గుడ్డ ముక్క ఉంది, నీలం పువ్వులది. పెద్దవాళ్ళు పోయినప్పుడు వచ్చినవాళ్ళకు పంచే గుడ్డ. మూడేళ్ళ కిందటి గుడ్డ తాను ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇమాష్ ఆ ఇంటి కిటికీ వైపు చూశాడు. నీలం పువ్వుల కర్టెన్ కిందటిసారి చూసినదానికంటే పొట్టిదైంది. గుల్‌బార్చిన్ గుమ్మంలో నిలబడి, పిండి చేతులు ఏప్రన్‌కు రాసుకుంటూ, చూసింది మీరొక్కరే కదా అన్నట్టు తలదించుకుంది.

"గుడారం వెయ్యలేదేం వీళ్ళు?" అంది కలీపా, ఆయన వెనక గుర్రం మీద సర్దుకుంటూ. "చావింటి ముందు వెయ్యాల్సిన కంబళి గుడారం కూడా ఊల్కాన్‌కి వెయ్యలేదు. కొడుకు అంత పీనాసివాడా?"

"గాలికి ఎగిరిపోతుందని తీసేశారు."

"ఆఁ. గాలి నిజమే," అంది కలీపా.

మూటంటే ఆ ఇద్దరి చావు మూట. చుట్టే కఫన్ బట్ట, శవాన్ని కడిగినవాళ్ళకు ఇవ్వాల్సిన శాలువలు, వచ్చిన జనానికి తిండి పెట్టే డబ్బు. పిల్లల మీద పడకుండా కలీపా పింఛనులోంచి మిగిల్చి కట్టినది. ఆమె గర్వమంతా అందులో ఉంది. ఇమాష్ జన్మలో డబ్బు ముట్టుకోలేదు. కొండమీద గొర్రెలతో ఉన్నన్నాళ్ళూ ఆయన జీతం సంతకం పెట్టి తెచ్చుకున్నది కలీపా, పింఛను లెక్క చూసేది కలీపా. ఇప్పుడా మూట సగానికి తగ్గింది. అది పోయినా నోరు మెదపకపోయేవాడేమో. కానీ మొన్న ఆమె తెల్లకాళ్ళ గుర్రాన్ని కూడా తోలుకెళ్ళి మెలిస్ కొట్టంలో కట్టేసి వచ్చింది. తన చావుకు వచ్చే జనానికి కోసి పెట్టడానికని ఆమే చేతులారా పెంచుకున్న ఆడగుర్రం.

దాన్ని వెనక్కి తెచ్చింది కూతురు జిబేక్. తేవడం ఊరికే తేలేదు. మెలిస్ వాకిట్లో నిలబడి, చచ్చిన తల్లిని మళ్ళీ మళ్ళీ చంపి అమ్ముకుంటున్నావా అంది. ఈ గుమ్మం మళ్ళీ తొక్కితే నా కాళ్ళు విరిగిపోనీ అని కూడా అంది. తర్వాత వారం తిరక్కుండా కోర్టులో అర్జీ పెట్టింది, తల్లికి డబ్బు చూసుకునే శక్తి ఉందో లేదో పరీక్షించమని. కోర్టు జిల్లా ఆసుపత్రి డాక్టరుకు రాసింది.

"లేదని తేలితే?" అని అడిగాడు ఇమాష్.

"ఆవిడ సంతకం చెల్లదు. పింఛను, గుర్రం, మూట అన్నీ ఇంకొకరు చూస్తారు."

"ఇంకొకరంటే?"

"ఎవరో ఒకరు, నాన్నా. నువ్వో, నేనో." జిబేక్ గొంతు తగ్గింది. "అక్కడ నువ్వే చెప్పాలి. నేను చెప్తే, బతికుండగానే తల్లి మూట విప్పిందంటారు."

"నాకు చెప్పడం రాదు."

"రోజంతా గొర్రెలకు చెప్తావుగా."

"గొర్రెలు ఏడవవు," అన్నాడు ఇమాష్.

పట్నం వెళ్ళే రోజున కలీపా తెల్ల తలగుడ్డ ఉతికినది చుట్టుకుని, కోటు లోపల మూట కట్టుకుని బయల్దేరింది. పింఛను కాగితం పని అని చెప్పారు. ఇంటి నుంచి బయటకు వెళ్ళేటప్పుడు మూట వదలడం ఆమెకు అలవాటు లేదు. అల్లుడు కుబాత్ కారు తోలుతున్నాడు, పక్కన జిబేక్, వెనక ముసలివాళ్ళిద్దరూ.

"నా పింఛను కాగితానికి నీకేం పని, ముసలాయనా?" అంది. "నీ పింఛనే నువ్వెప్పుడూ చూడలేదు. అది నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో తెలుసా?"

"పిండి బస్తా ఎంతుంది ఇప్పుడు?" అన్నాడు ఇమాష్, కిటికీలోంచి బయటకు చూస్తూ.

"ఎందుకు, కొంటావా?"

"ఊరికే."

"మొన్న చక్కెర తెమ్మంటే ఉప్పు తెచ్చావు. అదీ అరబస్తా. మనిద్దరం పోయినా ఆ ఉప్పు పోదు. వచ్చిన జనమంతా మన ఇంటి ఉప్పు తిన్నామని చెప్పుకుంటారు."

కుబాత్ నవ్వాపుకోలేక దగ్గాడు. ఇమాష్ వదల్లేదు. రాత్రంతా మనసులో పెట్టుకున్న ప్రశ్నలు ఒక్కొక్కటే తీశాడు. గొర్రెపిల్ల ఎంత, బొగ్గు ఎంత, మందుల షాపులో మొన్న ఎంతైంది. ఆమె అన్నింటికీ టక్కున చెప్పింది. ఒక్కోటి చెప్పినప్పుడల్లా ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. ముందు సీట్లో జిబేక్ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నాన్న ఎవరి పక్షమో ఆమెకు అర్థమైంది.

అంతలో కలీపా ఆయన చొక్కా కాలరు సరిచేస్తూ, "చూడు, ఇవన్నీ నేర్చుకుంటున్నావంటే నేను ముందు పోతానని ఎవరో చెప్పుంటారు నీకు," అంది.

ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు.

డాక్టరు పేరు మీరిమ్. నడివయసు మనిషి, మాట తీరునుబట్టి ఆ కొండలవైపు పిల్లే. పెద్దవాళ్ళు గదిలోకి రాగానే లేచి నిలబడి, కలీపాను కిటికీ పక్క వెచ్చగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది. ఓ మూల ఒక అమ్మాయి రాసుకోవడానికి కూర్చుంది. జిబేక్, ఇమాష్ గోడ పక్క బల్ల మీద కూర్చున్నారు. ఇమాష్ కంబళి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అపా, మీ పేరు చెప్పండి."

చెప్పింది.

"మీ ఆయన పేరు?"

కలీపా తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "అదుగో, అక్కడే కూర్చున్నాడు. ఆయన్నే అడుగు."

మీరిమ్ నవ్వింది. "మా అమ్మా అంతే. నాన్న పేరు ఒక్కసారి కూడా ఆవిడ నోట వినలేదు." రాసుకునే అమ్మాయితో, అది వదిలెయ్ అన్నట్టు చెయ్యి ఊపింది.

తర్వాత బల్ల మీద నోట్లు పరిచింది. నిజం నోట్లే. "ఇందులోంచి నాకు ఏడు వందల సోమ్‌లు ఇవ్వండి."

"పెద్ద నోట్లా, చిల్లరా?"

"మీ ఇష్టం."

కలీపా వేలికి తడి చేసుకుని నోట్లు ఎంచి, అంచులు సమంగా తట్టి, డాక్టరు ముందు పెట్టింది. అంతసేపూ ఇమాష్ ఆ వేళ్ళనే చూశాడు.

"బజారులో ఒకడు గొర్రెకి పద్నాలుగు వేలు చెప్పాడు. మీ దగ్గర పదిహేనున్నాయి. ఏం చేస్తారు?"

"ముందు పళ్ళు చూస్తా. చలికాలం ముందు పద్నాలుగు వేలకే వచ్చే గొర్రెకి ఏదో రోగం ఉంటుంది. అయినా పదిహేనున్నాయని వాడికెవరు చెప్పారు? డబ్బు చూపిస్తూ బేరం చేస్తారటమ్మా?"

రాసే అమ్మాయి పెన్ను ఆగింది. నవ్వుతోంది.

"మీకు ఫోన్ వచ్చింది అపా. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను, మీ కార్డు మీద నంబరు చెప్పండి అన్నాడు."

"నువ్వెవరి కొడుకువి నాయనా అని అడుగుతా. ఏడు తరాల పేర్లు చెప్పమంటా. తాతముత్తాతల పేర్లే తెలీనివాడికి నా నంబరెందుకు?"

మీరిమ్ తల వంచి ఏదో రాసుకుని, ఒకసారి జిబేక్ వైపు చూసింది. కోపంగా కాదు. ఎందుకు తీసుకొచ్చావు ఈవిడని అన్నట్టు. జిబేక్ మొహం చెవుల దాకా కందిపోయింది. ఇమాష్‌కి కూతుర్ని చూస్తే జాలేసింది. అయినా లోపల ఎక్కడో, ఇంటికెళ్ళాక తెల్లకాళ్ళ గుర్రానికి ఇంకో గుప్పెడు బార్లీ వెయ్యాలనిపించింది.

"ఇంట్లో దాచుకున్న డబ్బుందా అపా?"

"చావు మూట ఉంది," అంది కలీపా. కోటు మీద చెయ్యి వేసి చూపించింది. అందులో ఏమేం ఉన్నాయో, ఏది ఎవరికో వరసగా చెప్పింది. కడిగే ఆడవాళ్ళకు శాలువలు, ముసలాయనకు వేరే బట్ట, ఆయన పొడుగుకు రెండు మూరలు ఎక్కువ తీసింది. డబ్బెంతో కూడా చెప్పింది. అది మూట నిండుగా ఉన్నప్పటి లెక్క.

"అందులోంచి ఎవరికైనా ఇచ్చారా?"

"అది విప్పే సొమ్ము కాదమ్మా." అని, కలీపా ఒక్క క్షణం ఆగింది. మొహంలో ఏదో నీడలా వచ్చింది. "ఊల్కాన్‌కి మాత్రం ఇవ్వాలి. నా తోడిది పోయింది. అందరూ వెళ్ళి ఏడ్చి వచ్చారు, నేనింకా వెళ్ళలేదు. ఈ ముసలాయన తీసుకెళ్ళడు. దారిలో ఊల్కాన్ ఇంటివైపు చూడాలంటే మొహం చెల్లడం లేదు నాకు."

"ఎప్పుడు పోయారావిడ?"

"మొన్న. గడ్డి కోతలప్పుడు."

మీరిమ్ పెన్ను కింద పెట్టింది. జిబేక్ ఇచ్చిన అర్జీ ఆమె ముందే ఉంది, కానీ దానివైపు చూడలేదు. ఇమాష్ వైపు తిరిగింది.

"అతా, మీరు చెప్పండి. ఊల్కాన్ గారు ఎప్పుడు పోయారు? అపా వెళ్ళారా, లేదా?"

ఇమాష్ మోకాలి మీది టోపీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కలీపా ఆయన్నే చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. ఆయన తన మాటే చెప్తాడన్న ధీమా ఉంది. ఒక్క మాట చాలు. ఇంకా వెళ్ళలేదు, నేనే తీసుకెళ్ళలేదు అంటే చాలు. కాగితం ఆమెవైపే వస్తుంది. తర్వాత ఆ మూట అదే దారిన, అదే గుమ్మానికి, కొంచెం కొంచెంగా నడిచి వెళ్ళిపోతుంది. ఒకరోజు ఆమె పోతుంది. ఆ రోజు ఎవరో జాలిపడి ఇచ్చిన బట్టలో ఆమెను చుట్టాలి. కలీపాను, జాలి బట్టలో.

ఆయన డాక్టరుకు చెప్పలేదు. భార్యకే చెప్పాడు.

"వెళ్ళావు, ముసలీ."

"నేనా?"

"నువ్వే."

"ఏడ్చానా?"

"ఏడ్చావు."

"నలుగురూ విన్నారా?"

"ఊరంతా వింది. గుల్‌బార్చిన్ పిండి చేతులతో వచ్చి నీ పక్కన కూర్చుని ఏడ్చింది."

"చదివింపు?"

"ఇచ్చావు."

"తక్కువేం ఇవ్వలేదుగా?"

"లేదు. ఎక్కువే ఇచ్చావు."

కలీపా నిట్టూర్చింది. నీళ్ళ బిందె దించుకున్నట్టు ఆమె భుజాలు తేలికయ్యాయి. "అయితే మాట పడక్కర్లేదు," అంది. కాసేపు కిటికీ బయటకు చూసి నవ్వుకుంది కూడా. తర్వాత ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"మరి నాకు గుర్తు లేదేం?"

ఇమాష్ టోపీ అంచు నలిపాడు.

"ముసలాయనా. ఎన్నిసార్లు వెళ్ళాను?"

జీవితమంతా లెక్క చూసిన మనిషి ఆమె. లెక్కలో ఎక్కడ తేడా వచ్చిందో ఆమెకు ఇంకొకరు చూపించక్కర్లేదు.

"చాలాసార్లు," అన్నాడు.

కలీపా కూతురివైపు చూసింది. జిబేక్ చున్నీ అంచు నోట్లో కుక్కుకుని ఉంది. కలీపా బల్లవైపు తిరిగి, పరిచి ఉన్న నోట్లన్నీ దగ్గరకు తీసి, పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చి, అంచులు తట్టి, డాక్టరు వైపు జరిపింది.

"ఇవి నీవే అమ్మా. ఒకసారి లెక్క చూసుకో. ఇంక నా చేతిలో పెట్టొద్దు."

మీరిమ్ ఆ నోట్లు తీసుకోలేదు. "తీర్పు కోర్టుది అపా, నాది కాదు. మీ డబ్బు ఎవరో ఒకరు చూసుకోవాలి. అతా చూసుకుంటారా?" అంది.

"ఆయనా?" కలీపాకు నిజంగానే నవ్వొచ్చింది. "ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీదు ఆయనకి. పిల్ల పేర రాయి."

ఆమె కోటు గుండీలు విప్పి, నడుముకు కట్టుకున్న మూట ముడి విప్పసాగింది. ఆ ముడి ఆమె వేళ్ళకు తప్ప ఎవరికీ రాదు. విప్పాక రెండు చేతుల మీద పెట్టుకుని జిబేక్ ముందు నిలబడింది.

"కడిగేవాళ్ళకి ముందే ఇవ్వు. పని అయ్యాక ఇస్తే కూలి ఇచ్చినట్టుంటుంది. నా చావుకి జనం తక్కువొచ్చినా తిండి తగ్గించకు. తెల్లకాళ్ళదాన్ని అమ్మకు. మీ నాన్నకి చలి ఎక్కువ, ముందు బొగ్గు కొను, తర్వాత ఏదైనా."

జిబేక్ చేతులు పైకి లేవలేదు. అర్జీ పెట్టింది ఆమే, ఇంత దూరం తెచ్చింది ఆమే. ఇప్పుడు మూట కళ్ళ ముందుంటే, కాలుతున్న దాన్ని చూసినట్టు చూస్తోంది.

"వద్దమ్మా. నీ దగ్గరే ఉంచుకో."

"తీసుకో," అన్నాడు ఇమాష్. "మీ అమ్మ చేతులు నొప్పెడతాయి."

తిరుగుదారిలో కలీపా కారెక్కగానే ఇమాష్ భుజానికి తల ఆనించి నిద్రపోయింది. జిబేక్ మూట ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది. పర్వతాల మీద మంచు కిందికి దిగింది, ఇంకో వారంలో ఊళ్ళోకి వస్తుంది.

మలుపు తిరిగి పాప్లార్ చెట్ల వరస కనబడగానే ఎవరో తట్టినట్టు కలీపా లేచింది.

"కుబాత్, ఆపు. ఆపు నాయనా. ఊల్కాన్ ఇల్లు."

కుబాత్ అద్దంలోంచి మామ మొహం చూశాడు.

"ఇంత దగ్గరికొచ్చి వెళ్ళకపోతే మనుషులమా?" కలీపా చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది. అక్కడ వెతికింది. ఇంకో వైపు వెతికింది. ఆమె మొహం పాలిపోయింది. "మూట లేదు. ముసలాయనా, మూట లేదు. పట్నంలో ఎవడో కోసేశాడు. అయ్యో, మన బట్ట... నీ బట్ట కూడా అందులోనే ఉంది."

డాక్టరు గది, నోట్లు, తన చేత్తో తాను విప్పిన ముడి, ఏదీ మిగల్లేదు. ఇమాష్‌కి అప్పుడు అర్థమైంది, ఆ మాట తాను ఆమెకు రోజూ చెప్పాలని. ఆమె రోజూ కొత్తగా వినాలని. ఎన్నిసార్లు వెళ్ళాను అని అడుగుతుంది. తాను చాలాసార్లు అనాలి.

"పోలేదమ్మా, ఇదిగో." జిబేక్ వెనక్కి తిరిగి మూట చూపించింది. "నేనే పట్టుకున్నా. నువ్వు నిద్రపోతుంటే జారిపోతుందని."

"దేవుడా. నా గుండె ఆగిపోయింది. ఇవ్వు, ఊల్కాన్‌కి తియ్యాలి."

జిబేక్ తండ్రివైపు చూసింది. కోర్టు ఇంకా కాగితం మీద రాయని హక్కు ఆ చూపులో ఆయనకు అప్పగించింది. ఇమాష్ తల ఊపాడు.

జిబేక్ మూటలో చెయ్యి పెట్టి ఒక్క నోటు తీసింది. చిన్నది. తల్లి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. కలీపా అదెంతో చూడలేదు. నోటు చేతిలో ఉందన్నదే చాలింది ఆమెకు. తలగుడ్డ సర్దుకుని కారు దిగి, వాకిట్లో అడుగు పెడుతూనే శోకం ఎత్తుకుంది.

"నాతో పాలు పితికిన చెయ్యీ..."

లోపలినుంచి గుల్‌బార్చిన్ గొంతు అందుకుంది. జిబేక్ కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఈ గుమ్మం తొక్కితే నా కాళ్ళు విరగనీ అన్న మనిషి. కాసేపటికి తలుపు వదిలేసి, చున్నీ తల మీదికి లాక్కుని, తల్లి వెనకే లోపలికి వెళ్ళింది. ఆమె గొంతు కూడా కలిసింది. కూతురి గొంతు అంత బాగుంటుందని ఇమాష్‌కి తెలీదు. తల్లిదే.

ఆయన ప్రహరీ దగ్గర ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. లోపల నలభై ఏళ్ళుగా తన జీతం లెక్కపెట్టిన గొంతు, తన కాలరు సరిచేసే గొంతు, ఏ చావుకు ఏడుస్తున్నదో దానికే తెలియని గొంతు. ఆయన కారులోంచి తెచ్చుకున్న కర్ర ముందుకు ఆనించాడు. నడుము దానంతట అదే వంగింది. నోరు తెరిస్తే లోపలినుంచి వచ్చింది తన గొంతని ఆయనకే తెలియలేదు.

"నా తోడూ... నా ఇంటి దీపమా... నా లెక్కలన్నీ చూసిన చెయ్యీ..."

మగవాడు తన మనిషి పోయినప్పుడు ఏడ్చే ఏడుపు అది. ఊగుతూ, కర్ర నేలకేసి కొడుతూ, వాకిట్లోకి నడిచాడు. పక్కింటి వాళ్ళు గోడల మీంచి చూశారు. కుబాత్ కారు దిగి టోపీ తీశాడు.

మెలిస్ కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఇమాష్‌ని చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. కొత్త రేకులు వాడి తల వెనకే మెరుస్తున్నాయి. తర్వాత ముందుకొచ్చి, ముసలాయన్ని రెండు చేతులా పట్టుకుని, ఆయన భుజం మీద తల పెట్టి తనూ గొంతెత్తి ఏడ్చాడు. ఎవరికోసమని అడగలేదు.

చాలాసేపటికి లోపల శోకాలు ఆగాయి. ముందు జిబేక్ వచ్చింది, కళ్ళు వాచిపోయి, ఎవరివైపూ చూడకుండా. వెనక కలీపా. వాన వెలిసినట్టుంది ఆమె మొహం. చేతిలో నీలం పువ్వుల గుడ్డ ముక్క. ఆమె వెనక కిటికీకి కర్టెన్ లేదు, ఉత్త తీగ ఉంది.

ఆమె ఇమాష్ దగ్గరకొచ్చి, ఆ గుడ్డతో ఆయన గడ్డం మీది తడి తుడిచింది.

"నువ్వేనా అంతలా ఏడ్చింది? లోపలికి వినబడింది."

"ఊఁ."

"ఊల్కాన్ నీకేమవుతుందని?"

ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసింది. అక్కడ ఏం కనబడిందో ఏమో, గుడ్డ ముక్క మడిచి ఆయన జేబులో పెట్టింది.

"బాగా ఏడ్చావు," అంది. "నేను పోయినప్పుడు కూడా ఇలాగే ఏడువు."

"ఆఁ," అన్నాడు ఇమాష్.